మూలమీది మరియమ్మ, కుదురులేని మా ఆయన

మా ఆయన వాస్కో బతుకంతా జనం కూర్చోడానికి కుర్చీలూ సోఫాలూ బాగుచేశాడు. తను మాత్రం కూర్చోడు. భోజనం దగ్గర కూడా సగం కుర్చీమీదా సగం గాలిలోనూ ఉంటాడు. సూప్ తాగుతూ లేచి కిటికీ మూస్తాడు, రొట్టె నములుతూ లేచి మళ్లీ తెరుస్తాడు. పెళ్లయిన కొత్తలో ఏదో పని గుర్తొచ్చి లేస్తున్నాడేమో అనుకునేదాన్ని. తర్వాత అర్థమైంది, లేవడమే ఆయన పని.

ఆయనది ప్రాతో. ఫ్లోరెన్సులో రైలెక్కితే పేపరు సగం చదివేలోపు వచ్చే ఊరు. అయినా మా సాన్ ఫ్రెదియానో పేటలో నదికి అవతల పుట్టినవాణ్ణే పరాయివాడంటారు, ఇక ప్రాతో వాడి సంగతి వేరే చెప్పాలా. పైగా ఇల్లరికం వచ్చాడు. మా అమ్మ ఎర్సీలియా ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. "ఆ ప్రాతో వాణ్ణి పిలు", "ప్రాతో వాడు తిన్నాడా", అంతే. ఎదురుగా ఉన్నా అంతే. మా ఆయన నవ్వేసేవాడు. దుకాణంలోకి వెళ్లి మాత్రం సుత్తితో మేకుల్ని అవసరానికి మించి గట్టిగా కొట్టేవాడు. ఆ చప్పుడు విని, అమ్మ మాట తగిలిందని నేను తెలుసుకునేదాన్ని.

మా ఇంటి కింది అంతస్తులో ముందు గది ఆయన దుకాణం, పక్క గది అమ్మది. కాళ్లు పడిపోయినప్పటి నుంచీ అమ్మ లోకమంతా ఆ గది కిటికీయే. కిటికీలోంచి చూస్తే ఎదురింటి మూల, ఆ మూలమీద పైన గూట్లో మా మరియమ్మ. చేతిలో బిడ్డ, కింద చిన్న దీపం, పూలు పెట్టడానికి గట్టు. కాల్చిన మట్టితో చేసి రంగులు వేసిన బొమ్మ. చేసింది ఎవరో ఎవరికీ తెలియదు. ఐదారు వందల ఏళ్ల కిందట ఈ ఊళ్లో పనిశాలల నుంచి ఇలాంటివి రొట్టెల్లా వరసగా వచ్చేవట, మూలమూలకీ ఒకటి పెట్టేవారట. మా వీధికి వచ్చింది ఈవిడ.

ఆ దీపం, పూలు మా ఇంటి ఆడవాళ్ల పని. అమ్మమ్మ నుంచి అమ్మకి వచ్చింది, అమ్మ నుంచి నాకు రావాలి. నాకు నిచ్చెన మూడో మెట్టుకే కళ్లు తిరుగుతాయి. అందుకని మా ఆయన మీద పడింది. అది అమ్మ ఎన్నటికీ మింగలేకపోయింది. మరియమ్మకి దీపం పెట్టడానికి ఈ పేటలో ప్రాతో వాడే దొరికాడా అని నన్ను ఎన్నిసార్లు దెప్పిందో.

మా ఆయన దాన్ని బల్బు మార్చే పనిగానే చూశాడు. నిచ్చెన గట్టు దాకా వేస్తాడు, వాడిన పూలు తీస్తాడు, కొత్తవి పెడతాడు, దిగుతాడు. ఒకసారి నేను ఊరికే అడిగాను, ఆవిడ ముఖం దగ్గర్నుంచి ఎలా ఉంటుందని. ముఖంలాగే ఉంటుంది అన్నాడు.

అమ్మ దేవుడితో మాట్లాడేది కాదు. ఆయనకి తీరిక ఉండదు అనేది. ఏం చెప్పుకున్నా మరియమ్మకే. పొద్దున్నే కాఫీ గిన్నె ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టేది. బీన్స్ ఉడకలేదని, పై ఇంటివాళ్లు బట్టలు పిండకుండా ఆరేస్తున్నారని, నేను మాట వినడం లేదని. చివరికి ఎప్పుడూ మా తమ్ముడు రెంజో దగ్గరికి వచ్చేది. వాడు పంతొమ్మిదేళ్లకి స్కూటరు మీద వెళ్లి తిరిగి రాలేదు. "నువ్వు నీ కొడుకుని చూశావు, నేను నా కొడుకుని చూశాను. ఇంక మనిద్దరి మధ్యా దాపరికం ఏముంది" అనేది. అది అన్నాక గొంతు నెమ్మదించేది. ఒక రోజు నన్ను పిలిచి, అదిగో చూడు, వీధిలో ఎంతమంది ఉన్నా ఆవిడ నన్నే చూస్తుంది అంది. ఈ మాట మా వీధిలో అందరూ ఎవరికివారే అంటారు. ఉడికించిన పేగులు రొట్టెలో పెట్టి అమ్మే బండి ఇలారియో కూడా, బండి ఏ పక్కకి జరిపినా ఆవిడ చూపు తప్పించుకోలేకపోతున్నానంటాడు.

యూరో నోట్లు కొత్తగా వచ్చిన ఏడాది వసంతంలో ఎదురింటి గోడ పగిలింది. మేస్త్రీ వచ్చి, పరంజా కట్టేలోపు బొమ్మని దించకపోతే ముక్కలవుతుందని చెప్పాడు. ఇలాంటి పాత బొమ్మలకి ప్రభుత్వ ఆఫీసు ఒకటి ఉంది, వాళ్లకి చెప్పాలి. చెబితే వాళ్లు తీసుకెళ్లి పెట్టెలో పెడతారని, మన మనవలు కూడా మళ్లీ చూడరని వీధంతా ఒక్కమాట మీద నోరు మూసుకుంది. మా ఆయన సోఫాల్లో కూరే గుర్రపు వెంట్రుకలు కట్టే దుప్పట్లు తెచ్చాడు. నలుగురు కలిసి మరియమ్మని చుట్టి, దించి, మా దుకాణంలో పనిబల్ల మీద నిలబెట్టారు.

అమ్మని కుర్చీతో సహా పక్క గదిలోకి తీసుకొచ్చి చూపిస్తానన్నాను. వద్దంది.

"ఆవిడ పైనుంచి చూడాలి, నేను కిందనుంచి చూడాలి. బల్లమీద పెట్టినదాన్ని వచ్చి చూడ్డానికి అదేమైనా శవమా?"

సెప్టెంబరు ఎనిమిది మరియమ్మ పుట్టినరోజు. ముందురోజు సాయంత్రం పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని వీధుల్లో తిరుగుతారు. అప్పటికి ఆవిడ తన గూట్లో ఉండాలని అమ్మ గడువు పెట్టింది. రోజూ పొద్దున కాఫీ తీసుకెళ్లగానే గోడ ఎంతవరకు వచ్చిందని అడిగేది. ఖాళీ గూటికేసి చూస్తూ కాఫీ తాగేది. మాటలు తగ్గాయి. నిద్ర కూడా తగ్గిందేమో, చెయ్యి ఎప్పుడూ దుప్పటి అంచుని నలుపుతూనే ఉండేది.

ఇటు మా ఆయనకి ఇంకో బాధ మొదలైంది. ఇన్నేళ్లూ దీపం పెట్టినా చూడని ముఖం ఇప్పుడు బల్లమీద ఎదురుగా ఉంది. ఎటు తిరిగినా ఉంది. మొదట గుడ్డ కప్పాడు. కాసేపటికి తీశాడు. మళ్లీ కప్పాడు. ఒక మధ్యాహ్నం వంటగదిలోకి వచ్చి, "లోరీ, ఆవిడ నా బెల్టుకేసి చూస్తోంది" అన్నాడు.

నేను వెళ్లి చూశాను. నిజమే. కనురెప్పలు బరువుగా వాలిపోయి ఉన్నాయి, ఒకటి ఇంకోదానికంటే ఎక్కువ. ఒక బుగ్గ ఉబ్బినట్టు ఉంది. గడ్డం ముందుకి పొడుచుకొచ్చింది. మెడ మా ఇలారియో మెడంత. బిడ్డ తల గుమ్మడికాయలా ఉంది.

పై అంతస్తులో ఆర్జియా టీచరమ్మ ఉండేది. నాకు బడిలో బొమ్మలు గీయడం నేర్పింది ఆవిడే. నేను నేర్చుకోలేదనుకోండి, అది వేరే సంగతి. ఆవిడ దిగివచ్చి మరియమ్మ చుట్టూ తిరిగి, ఇన్నేళ్లూ మెడ నొప్పెట్టేలా పైకి చూశాను, ఇప్పుడు చేతులు చూడగలుగుతున్నానని సంబరపడింది. మా ఆయన సూటిగా అడిగాడు, ఇది మంచి బొమ్మేనా అని. టీచరమ్మ నవ్వింది. అది తెలియాలంటే ముందు చూడటం రావాలి, ఆదివారం నాతో రా అంది.

అలా మొదలైంది మా ఆయన చదువు. ఈ ఊళ్లో అన్నేళ్లు బతికి, ప్రపంచమంతా విమానాలెక్కి వచ్చి చూసే రాతిబొమ్మల పక్కనుంచే సోఫాలు మోసుకెళ్లినవాడు, అరవై దాటాక వాటి ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడనడం కూడా అబద్ధం. మొదటి ఆదివారం ఒక్కో గదిలో ఒక గుమ్మంలోంచి వెళ్లి ఇంకో గుమ్మంలోంచి వచ్చేశాడట. చూశాను, ఇంకేంటి అన్నాడట. టీచరమ్మ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఒక పాలరాతి మనిషి ముందు ఆపింది. ముఖం చూడకు అంది. ఏ కాలిమీద బరువుందో చూడు. ఆ బరువుకి నడుము ఎటు వంగిందో, భుజం ఎటు వాలిందో చూడు. తర్వాత చుట్టూ తిరుగు, వీపు చూడు, వెలుగు ఎక్కడ పడుతోందో చూడు. మా ఆయనకి కాళ్లు జిలపెట్టాయట. బయట కాఫీ వాసన వస్తోందని కూడా చెప్పాడట. ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆయన్ని పట్టేసింది మాత్రం గుడ్డ. ఒక బొమ్మ అంగీ మడతలు చూస్తూ, ఇక్కడ గుడ్డ మడత ఎందుకు విరిగింది అని తనే అడిగి, కింద మోకాలుంది అని తనే చెప్పాడట. ఇంటికొచ్చి నాకు ఎన్నిసార్లు చెప్పాడో. "రాయి లోరీ, రాయి. దాని కింద మోకాలుంది." ఆ రోజు నుంచి మాకు శాంతి లేదు. బస్సులో జనం ఏ కాలిమీద నిలబడ్డారో చూసేవాడు. నేను కూర తిప్పుతుంటే వెనక నిలబడి, నువ్వు ఎడమకాలిమీద బరువేస్తావు, అందుకే నీకు కుడి భుజం వాలింది అన్నాడు. గరిటె చూపించాను. వెళ్లాడు.

ఆదివారం దాకా ఆగలేక మామూలు రోజుల్లో కూడా ఒక్కడే పారిపోయేవాడు. సగం కుట్టిన సోఫాలు పొట్ట తెరుచుకుని దుకాణంలో పడి ఉండేవి. అక్కడెక్కడో ఒక పాలరాతి అమ్మాయి మీద మనసు పడ్డాడు. నున్నటి బుగ్గలు, సన్నటి మెడ, ముక్కు మీద దుమ్ము కూడా ఆగదట. ఆ అమ్మాయిని చూసొచ్చిన ప్రతిసారీ మా మరియమ్మ దగ్గరికి వెళ్లి పెదవి విరిచేవాడు. ఏమీ తెలియనప్పుడు ఆయనకి ఆవిడంటే గౌరవమైనా ఉండేది. నాలుగు బొమ్మలు చూశాక అదీ పోయింది.

ఆగస్టుకి ముందు టీచరమ్మ ఆయన్ని ఒకప్పటి ధాన్యపు కొట్టు గుడిగా మారిన చోటికి తీసుకెళ్లింది. దాని గోడల చుట్టూ గూళ్లలో ఉండే పెద్ద పెద్ద సాధువుల బొమ్మల్ని వానకి పాడవకుండా లోపల పై అంతస్తుకి చేర్చారు. మా ఆయనకి ఒక్కడూ నచ్చలేదు. ఒకడి తల తాబేలు తలలా ముందుకొచ్చిందన్నాడు, చేతులు పారల్లా ఉన్నాయన్నాడు. వీళ్లు వీధిలో ఎత్తున నిలబడ్డవాళ్లు వాస్కో, కింద కూర్చుని చూడు అందట ఆవిడ. తనే కూర్చునేది గానీ మోకాళ్లు వంగవు.

"కూర్చోవడం నావల్ల కాదు టీచరమ్మా. పైగా ఇది కొత్త ప్యాంటు" అన్నాడట మా ఆయన.

ఆవిడ మరి బలవంతం చేయలేదు. వారం తిరక్కుండా సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఆగస్టు వేసవి సెలవుల్లో మా ఊళ్లో ఎవరుంటారు? దుకాణాల షట్టర్లు దించేస్తారు, రోడ్డుమీద తారు చెప్పులకి అంటుకుంటుంది, పిల్లులు కూడా నీడ వదలవు. అమ్మ ఉంది కాబట్టి మేము కదల్లేదు. ఎదురుగా గోడ పని ఆగిపోయి పరంజా ఖాళీగా ఉంది. మా ఆయన చెమట కారుతూ బల్ల చుట్టూ తిరుగుతున్నాడు.

ఆ ఉక్కలో ఆయన చేసింది ఇది. పక్క వీధిలో పటాల చట్రాలకి పూత వేసేవాడి దగ్గర సుద్దపొడి, కుందేలు తోలు జిగురు తెచ్చాడు. ఉబ్బిన బుగ్గకి సరితూగేలా రెండో బుగ్గని నింపాడు. వాలిన రెప్పల మీద పూత కప్పి, కళ్లు తెరిచినట్టు కొత్తగా దిద్దాడు. పొడుచుకొచ్చిన గడ్డం కింద గొంతు నింపి గడ్డం కనపడకుండా చేశాడు. ఒకవైపు కుంగిన సోఫాకి పీచు కూరి రెండు వైపులూ సమం చేయడం ఆయన పని కదా, అలాగే చేశాడు. చివర రంగులు. బుగ్గలమీద కాస్త గులాబీ కూడా.

బాగుంది. ఉన్నమాట చెప్పాలి కదా, బల్లమీద చాలా బాగుంది. సెలవులైపోయి తిరిగొచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఇలారియో టోపీ తీసి, ఇన్నాళ్లకి పెళ్లికూతురిలా ఉంది అన్నాడు. మా ఆయన నేలమీద నిలవలేదు. రాత్రి భోజనం దగ్గర లేవబోయి, ఆగి, నన్ను అడిగాడు.

"అత్త ఏమంటుందంటావు?"

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఉక్కలో ఆ కష్టమంతా ఎవరి కోసమో. ఆ ముసలిదాని నోటినుంచి ఒక్క మంచిమాట, ఒక్కసారి తన పేరు. ఇన్నేళ్లుగా సుత్తి కింద కొట్టుకుంటూ వచ్చింది అదే. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. సూప్ చల్లారుతోంది తాగు అన్నాను.

సెప్టెంబరు ఏడు మధ్యాహ్నం ఆవిడని గూట్లోకి ఎక్కించారు. టీచరమ్మ ఇంకా రాలేదు. పరంజా విప్పేశారు. అమ్మ పొద్దుటినుంచీ కుదురుగా లేదు. జుట్టు దువ్వించుకుంది, నచ్చక మళ్లీ దువ్వించుకుంది, గోధుమరంగు శాలువా తెమ్మంది. చీకటి పడుతుండగా వీధిలో కాగితం లాంతర్లు ఊగుతూ వచ్చాయి. మా ఆయన గూటి దీపం వెలిగించి, దిగి, కిటికీ కింద నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి తీసి పెట్టి తీస్తున్నాడు. నేను కిటికీ తలుపులు బార్లా తెరిచాను.

అమ్మ చూసింది. కుర్చీ చేతుల మీద ఆనుకుని కాస్త ముందుకి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరామె?" అంది.

మరియమ్మే కదమ్మా, కాస్త శుభ్రం చేశారు అన్నాను.

"కాదు. ఆమె నన్ను చూడటం లేదు."

అప్పుడు నేనూ పైకి చూశాను. బల్లమీద అంత అందంగా ఉన్న ముఖం అక్కడ పిండిముద్దలా ఉంది. తెరిచిన కళ్లు మా తలలమీదుగా ఎక్కడో మా ఇంటి పొగగొట్టాన్ని చూస్తున్నాయి. వీధిలో లాంతర్లు పట్టుకున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే తలలెత్తారు. ఇలారియో నాలుగడుగులు ఎడమకి వేశాడు, కుడికి వేశాడు, వెనక్కి వెళ్లి చూశాడు. ఎక్కడ నిలబడ్డా ఆవిడ చూపు ఆయనకి దొరకలేదు.

అమ్మ తిట్టలేదు. ప్రాతో వాడు అని కూడా అనలేదు. తిట్టి ఉంటే మా ఆయన బతికిపోయేవాడు.

"నా కుర్చీ తిప్పు లోరియానా. గోడవైపు" అంది.

మర్నాడు పొద్దున కాఫీ తీసుకెళ్తే గోడకేసి చూస్తూ తాగింది. ఒక్క మాట లేదు. ఆ మర్నాడూ అంతే. అన్నం పళ్లెం పెట్టింది పెట్టినట్టే వచ్చేది. పక్క గదిలో ఎప్పుడూ ఉండే ఆ గొణుగుడు ఆగిపోయేసరికి ఇల్లు ఇల్లులా లేదు. మా ఆయన పనిబల్ల చుట్టూ తిరగడం మానేసి వీధిలో తిరిగేవాడు. మూల దాకా వెళ్లడం, పైకి చూడటం, వెనక్కి రావడం. చూసి చూసి నాకు తిక్కరేగింది. ఏం దురద పుట్టింది నీకు, ఎవరు చేయమన్నారు అని వీధి వినేలా అరిచాను.

"బల్లమీద బాగుంది కదా. నువ్వూ చూశావు కదా" అన్నాడు, దెబ్బతిన్న గొంతుతో.

"బల్లమీద ఎవరు చూస్తారయ్యా ఆవిడని? అమ్మ బల్లెక్కి చూస్తుందా?"

ఆయన కోటు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజు జరిగింది తర్వాత చెప్పాడు. నేరుగా ఆ ధాన్యపు కొట్టు గుడి పై అంతస్తుకి వెళ్లాడట. ఆ తాబేలు తల సాధువు ముందు నేలమీద చతికిలబడ్డాడట, అదీ పని బట్టలతో, జిగురు మరకలతో. కాపలా మనిషి పరిగెత్తుకొచ్చి, కళ్లు తిరిగాయా పెద్దాయనా, నీళ్లు తేనా అని అడిగాడట. లేదు బాబూ, చూస్తున్నాను అన్నాడట ఈయన. కిందనుంచి చూస్తే ముందుకొచ్చిన తల దాని చోటికి అది వెళ్లిపోయింది. పారల్లాంటి చేతులు మామూలు చేతులయ్యాయి. చిరాకనుకున్న నుదుటి ముడత చిరాకు కాదు, దిగులు. ఆ దిగులుతో ఆ రాతి మనిషి సూటిగా తన కళ్లలోకి చూశాడు. "నేను దొరికిపోయాను లోరీ" అన్నాడు నాతో. మా మరియమ్మ మట్టి పిసికినవాడికి కూడా చూసేవాళ్లు ఎక్కడుంటారో తెలుసు. వంకర అనుకుని తను సరిచేసిన ప్రతి వంకరా వీధిలో నిలబడ్డవాడి కోసం కావాలని పెట్టిందే.

వంతెన మీద నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. అప్పటికి టీచరమ్మ ఊరినుంచి వచ్చింది. సంగతి విని, కుర్చీలో కూలబడి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత గట్టిగానే చెప్పింది, ఇంక ముట్టుకోవద్దని. నీళ్లు తగిలితే నీ పూతతో పాటు పాత రంగూ వస్తుంది, పని తెలిసినవాళ్లని పిలుద్దాం, నెల పట్టినా రెండు నెలలు పట్టినా ఆగు అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

"ఆగుతాను టీచరమ్మా. ఆవిడ ఆగుతుందా?" అని అమ్మ గది తలుపుకేసి చూపించాడు మా ఆయన.

టీచరమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. లేచి, వేడినీళ్లు కావు, గోరువెచ్చవి, గుడ్డ వద్దు, మెత్తటి స్పాంజి, అద్దు, రుద్దకు అని మాత్రం చెప్పింది.

మేస్త్రీ దగ్గర పొడుగు నిచ్చెన తెచ్చాడు. మొదటిసారి గట్టు దాటి ఆవిడ ముఖం దాకా ఎక్కాడు. వీధిలో జనం చేరారు. ఆయన స్పాంజి అద్దాడు, తెల్లటి నీళ్లు కారాయి. ఆగి కిందకి చూశాడు. అంత దగ్గర్నుంచి ఆయనకి ఏం తెలుస్తుంది? ఏది తీస్తున్నాడో, ఎంత తీశాడో, పైనున్నవాడికి కనపడదు. కిందున్నవాళ్లని అడిగాడు. ఇలారియో బుగ్గ అన్నాడు, ఇంకొకరు గడ్డం అన్నారు, ఇంకెవరో చాల్లే దిగు అన్నారు. తలా ఒక మాట. మా ఆయన నిచ్చెనమీద ఆ మెట్టు నుంచి ఈ మెట్టుకి కాళ్లు మారుస్తున్నాడు, నిచ్చెన వణుకుతోంది.

అప్పుడు అక్కణ్ణుంచి పిలిచాడు.

"అత్తా. నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పు."

నేను అమ్మ గదిలోకి వెళ్లాను. అడగలేదు. కుర్చీ పట్టుకుని కిటికీవైపు తిప్పాను. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. వీధి మొత్తం ఎదురుచూస్తోంది. నీళ్లు గట్టుమీద పడుతున్న చప్పుడు కూడా వినపడుతోంది. అమ్మ కళ్లు తెరిచింది.

"కుడికన్ను" అంది. రెండు రోజులుగా వాడని గొంతు, గీరుకుపోయి ఉంది. నేను గట్టిగా చెప్పాను, కుడికన్నట. మా ఆయన అద్దాడు.

"అది నీ కుడి. ఆమె కుడి, మొద్దూ."

ఈసారి నేను చెప్పక్కర్లేకపోయింది. ఆ గొంతు వీధి చివరిదాకా వినపడింది.

"రెప్ప ఇంకా కిందకి రావాలి. ఇంకా ఎవరినో చూస్తోంది, పైన. అద్దు. గడ్డం కింద ఆ ముద్దేంటి, ఆమెకేమైనా గవదబిళ్లలా? తీసెయ్. నెమ్మది. అది సోఫా కాదు."

మా ఆయన అద్దుతున్నాడు. బుగ్గమీద గులాబీ కరిగి ఆయన చేతిమీదుగా మోచేతిదాకా కారింది. పాత రంగు కూడా కొంత పోయింది, నాకు కనపడుతూనే ఉంది. నా వెనకే గదిలోకి వచ్చిన టీచరమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆగు" అంది అమ్మ. "చాలు. ఆగమన్నాను."

ఆయన స్పాంజి పట్టుకున్న చెయ్యి గాలిలో పెట్టి అలాగే ఆగిపోయాడు. ఆ మనిషి ఊపిరి తప్ప ఇంకేదీ కదలకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. అమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

"ఎక్కడికి పోయావే ఇన్ని రోజులు" అంది మరియమ్మతో.

ఇలారియో తన బండి పక్కనుంచి పైకి చూసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. అమ్మ శాలువా కొసతో ముఖం తుడుచుకుంది. ఇంకా నిచ్చెనమీదే ఉన్న మా ఆయనకేసి చూసి, మామూలు గొంతుతో అంది.

"దిగు వాస్కో. పడతావు."

ఆయన వినలేదు. పైన మరియమ్మ చెవి దగ్గర కారుతున్న నీళ్లు తుడుస్తూ, టీచరమ్మని ఏదో అడుగుతున్నాడు. నేను విన్నాను. రాత్రి అమ్మకి జుట్టు జడ వేస్తూ ఆ మాట ఎత్తాను. నేనా, ఆ ప్రాతో వాణ్ణా, నీకు చెవుల్లో గులిమి చేరింది అంది.

మరియమ్మ బుగ్గమీద పాత రంగు పోయినచోట పాలిపోయిన చార ఒకటి మిగిలింది. కొత్తగా వచ్చినవాళ్లు ఏడుస్తున్నట్టుంది అంటారు. ఎవరైనా ఆ మాట అంటే మా ఆయన దుకాణంలోకి వెళ్లిపోతాడు. టీచరమ్మ తీసుకొచ్చిన పని తెలిసిన మనిషి చూసి, ఇంకెవరూ చెయ్యి పెట్టకపోతే చాలు అన్నాడు.

అమ్మ ఆ చలికాలం దాటలేదు. చివరిదాకా పొద్దున్నే కాఫీ గిన్నె పట్టుకుని ఆవిడతో గొడవ పడుతూనే ఉంది. కుర్చీ కిటికీ దగ్గరే ఉంచేశాం. తీసేద్దామన్నాను, మా ఆయన వద్దన్నాడు. ఇప్పుడు సాయంత్రాలు పని అయ్యాక ఆయన అందులో కూర్చుంటాడు. కూర్చున్నా కాలు ఊపుతూనే ఉంటాడు, వేళ్లు కుర్చీ చేతిమీద దరువేస్తూనే ఉంటాయి. ఒక్కోసారి తల కాస్త వంచి అమ్మ ఎత్తుకి తెచ్చుకుని పైకి చూస్తాడు. ఇక్కణ్ణుంచే లోరీ, సరిగ్గా ఇక్కణ్ణుంచి అంటాడు.

మొన్న బీన్స్ ఒలుస్తూ పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ దాచుకున్నది చెప్పేశాను. ఆ రోజు నిచ్చెనమీద నువ్వు వినలేదు గానీ, అమ్మ నిన్ను పేరు పెట్టి పిలిచింది అని. ఊపుతున్న కాలు ఆగింది. ఇంక లేచి కిటికీ మూస్తాడు, సుత్తి తీసుకుంటాడు అనుకున్నాను.

లేవలేదు.